మంట అంటే పొయ్యి కాదు

అన్నయ్యా,

అమ్మ మజ్జిగలో నువ్వు నిద్రమాత్ర నూరి కలిపావు. పన్నెండు రోజులు. నాకు చెప్పలేదు, డాక్టరుకూ చెప్పలేదు. క్షేమసమాచారాలు తర్వాత, ముందు ఇది.

రూప వదిన నిన్న ఫోన్‌లో చెప్పింది. "నేనొద్దన్నాను తేజా, మీ అన్న వింటేనా? పగలు మీటింగులు, రాత్రి నిద్రపోని అమ్మకు కాపలా, ఎన్నాళ్లని అన్నారు" అంది. ఇక్కడ కేంబ్రిడ్జ్‌లో మా ఇంట్లో ఏడాదిగా ఆ కాపలా కాసింది నేనే. రెండు వారాలు స్కార్‌బరోలో మీ ఇంట్లో ఉంచుకోమంటే తూలిపోయే మనిషిని తిరిగి పంపావు. వచ్చిన మర్నాడే బాత్రూమ్ దగ్గర పడింది. మోచెయ్యి కమిలింది, ఎముక విరగలేదు. ఆసుపత్రిలో పరీక్ష చేసి యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు.

"అమ్మ ఇంకా ఇండియా టైమ్‌లోనే ఉంది. నువ్వేమైనా డాక్టరువా?" అని మెసేజ్ పెట్టావు. అమ్మ కెనడా వచ్చి మూడేళ్లు. ఏ జెట్‌లాగూ మూడేళ్లుండదు. నేను డాక్టర్ని కాదు, వేర్‌హౌస్‌లో పెట్టెలెత్తేదాన్ని. లంచ్ బ్రేకుల్లో అమ్మ జబ్బు గురించి చదువుకున్నాను, ఒక్కో పేజీకి మూడేసి రోజులు పట్టింది.

పగలేదో రాత్రేదో ఒంటికి చెప్పే గడియారం మెదడులో ఉంటుంది. ఇన్ఫెక్షన్ వస్తే రోగనిరోధక కణాలు సైటోకైన్లనే అణువులతో ఒకదానికొకటి కబురంపుకుంటాయి. అమ్మకున్న ఈ మతిమరుపు జబ్బు, డిమెన్షియాలో ఆ కబుర్లు ఓ పట్టాన ఆగవట. అవే ఆ గడియారం లెక్క తప్పిస్తుండొచ్చని అంటున్నారు. ఎక్కువగా ఎలుకల్లో చూసిందే, ఇంకా తేలలేదని నాకూ తెలుసు. కానీ ఒంట్లో ఇన్ఫెక్షన్ పెట్టుకుని నిద్రపోని మనిషికి కావలసింది మందు, మత్తు కాదు.

ఇక నా తప్పు. నీ దగ్గరికి పంపకముందు వారం రోజులు అమ్మ "మంట, మంట" అంటూనే ఉంది. ప్రతిసారీ వంటింట్లోకి తీసుకెళ్లి స్టవ్ చూపించాను. "ఆపేశానమ్మా, చూడు" అన్నాను. ఆవిడ స్టవ్ చూసి, నన్ను చూసి, "నీకు తెలుగు రాదుటే?" అంది. నవ్వాను. వీడియో తీసి నీకు పంపాను, నువ్వూ నవ్వావు. మొన్న నర్సు ఇంగ్లీషులో ఏదో అడిగి, అమ్మను తెలుగులో అడగమంది. "అమ్మా, ఒంటికి వెళ్లినప్పుడు మంట..." అనబోయి ఆగిపోయాను. నా నోట్లోకి వచ్చేదాకా ఆ మాట నాకు అర్థం కాలేదు.

గురువారం మెమరీ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్. ఈ మత్తూ తూలుడూ జబ్బు ముదరడం వల్లేనని రాసేస్తే, పెద్దవాళ్లను ఇక అక్కడే ఉంచేసే లాంగ్‌టర్మ్ కేర్ హోమ్‌లో పెట్టమంటారు. అక్కడ అమ్మకు తెలుగు మాట్లాడే తోడు దొరకదు. నేను చేసింది డాక్టరుకు చెప్పేశాను. నువ్వు చేసింది నువ్వే చెప్పాలి.

మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకెన్ని, చివరిది ఏ రోజు ఇచ్చావు, నీ చేత్తో రాసి ఫోటో పంపు. బుధవారం సాయంత్రం ఐదింటికల్లా నాకు చేరాలి. చేరకపోతే గురువారం క్లినిక్‌లో నీ పేరుతో సహా నేనే చెబుతాను.

ఇట్లు,
నీ మీద కోపం తగ్గని చెల్లెలు
తేజశ్రీ