స్ట్రోక్ అంటే నేననుకున్నది

బేస్తవారిపేట

చి. వందనకు,

అమ్మ దీవించి రాస్తున్నది. ప్రభువు దయవల్ల ఇక్కడ మీ నాయనా నేనూ ఉన్నాము. క్షేమమని రాయడం అలవాటే గానీ ఈసారి ఉన్నామని మాత్రమే రాస్తున్నాను.

ఫోనులో పొడిపొడిగా ఎందుకు మాట్లాడుతున్నావని అడిగావు. నీ నర్సింగు హాస్టల్లో ఫోను ఇచ్చేది ఆదివారం ఒక్కపూట. ఆ పూట మీ నాయన నా పక్కనుంచి కదలడు. మాట పోయింది గానీ వినికిడి పోలేదు. అందుకే రాయడం.

నాయన కుడికాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వస్తున్నాడు. కుడిచెయ్యి అలాగే ఉంది. రక్తం పలచబడే మాత్ర తప్పకుండా వేస్తున్నాను. రక్తపరీక్షకు మార్కాపురం బస్సు ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అక్కడి డాక్టరు గుండె పరీక్ష చేసి, "ఆపరేషన్లో గుండెకు వేసిన కొత్త వాల్వు బ్రహ్మాండంగా పనిచేస్తా ఉంది" అన్నాడు. సంతోషపడాలో వద్దో నాకు తెలియలేదు.

మాటల్లో "కాదు" ఒక్కటే స్పష్టంగా వస్తుంది. నిన్న నీళ్ళిస్తే కాదు, దుప్పటి ఇస్తే కాదు. చివరికి చూస్తే ఫ్యాను ఆపమని. "ఏందయ్యా, పెళ్ళిచూపుల్లో అనాల్సిన మాట ఇప్పుడంటుండావు" అంటే మూతి ఒకవైపుతోనే నవ్వాడు.

పలకల ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసిన శ్రీరాములు చూడటానికి వచ్చాడు. ఎవరొచ్చినా నాయన చేసేది ఒకటే. ఎడమచేత్తో మంచం చూపిస్తాడు, నేల చూపిస్తాడు, నుదురు కొట్టుకుంటాడు. ఆపరేషనైన రెండో రోజు, సిస్టరు వద్దన్నా తానే మంచం దిగాడు కదా. ఆ సాయంత్రమే చెయ్యీ కాలూ పడిపోయాయి. దిగినందుకే వచ్చిందని ఆయన నమ్మకం.

"సిస్టరమ్మ మాట వినుంటే సరిపోయేది గదన్నా. మేస్త్రీ మాటే విననోడివి, ఆమె మాట యాడ వింటావులే" అన్నాడు శ్రీరాములు, నవ్విద్దామని. నాయన తల వంచుకున్నాడు. నేను టీ పెట్టే వంకతో లోపలికి వెళ్ళాను.

ఇక నేను రెండు ఉత్తరాల నుంచి దాటేస్తున్న నీ ప్రశ్న. సంతకం పెట్టించుకునేటప్పుడు డాక్టర్లు ముందే చెప్పరా అమ్మా అని.

చెప్పారు. "ఈ ఆపరేషన్లో కొందరికి స్ట్రోక్ రావచ్చమ్మా" అన్నాడు పెద్దడాక్టరు. మన ఊళ్ళలో స్ట్రోక్ వచ్చిందంటే గుండెపోటే కదా. గుండె డాక్టర్లే పక్కన ఉంటారు, అది వచ్చినా చూసుకోరా అనుకున్నాను. ఇంకో మాట అడక్కుండా సంతకం పెట్టాను.

ఆపరేషనుకు ముందురోజు నాయన నన్ను ఒక్కటే అడిగాడు. పక్షవాతంతో ఆరేళ్ళు మంచాన పడ్డ తన తల్లిని, మీ జేజిని, ఎత్తి దించినవాడు కదా. "కాలూ చెయ్యీ పడిపోయేది ఏమన్నా ఉంటే ఈ ఆపరేషను నాకొద్దు. ఉన్నన్నాళ్ళు ఉంటా. డాక్టరు అట్లేమన్నా చెప్పినాడా?"

"అట్లాంటిదేం చెప్పలే. పండుకో" అన్నాను.

చెయ్యి పడిపోయాక అదే డాక్టరు నన్ను పిలిచాడు. "మంచం దిగినందుకు కాదమ్మా. గుండెలోంచి రక్తం గడ్డ మెదడుకు పోయింది. స్ట్రోక్ రావచ్చని మీకు చెప్పినాం కదా" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది.

గడ్డ సంగతి నాయనకు చెప్తే, ముందే చెప్పారా అని కళ్ళతో అడుగుతాడు. దానికి భయపడి ఐదు నెలలుగా ఆయన నుదురు కొట్టుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. సంతకం తెలియక పెట్టాను. ఇది తెలిసే చేస్తున్నాను.

వచ్చే నెల సెలవులకు వస్తావు కదా. అప్పటిదాకా ఎందుకంటావేమో, ఒక్కదాన్నే చెప్పే ధైర్యం లేదు. గడ్డ గుండెలోంచి మెదడుకు ఎలా పోతుందో ఆయనకు నువ్వు చెప్పు. చదువుకున్నదానివి, నమ్ముతాడు. సంతకం సంగతి నేను చెప్పుకుంటాను. అప్పుడు ఆయన మొహం తిప్పుకున్నా సరే, పాపం అమ్మకు తెలియదు నాయనా అని నా తరఫున మాట్లాడొద్దు.

ఇట్లు,
మీ అమ్మ
సరోజమ్మ