వేడి నిలిచినన్ని రోజులు

ప్రియమైన మావయ్యకు,

అక్కడ నువ్వూ అత్తయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. అత్తయ్య చేతికిస్తే మా ఇంట్లో ఏం వండారో అడిగి పెట్టేస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు నాలుగు పాత మిషన్ల భాగాలు కలిపి నాకోసం తయారు చేసిచ్చిన ల్యాప్‌టాప్ ఇబ్బంది పెడుతోంది. ముందు తెర మీద సన్నటి ఆకుపచ్చ గీతలు వచ్చాయి. తర్వాత అక్షరాల చుట్టూ మరకలు. ఇప్పుడు ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. పదిసార్లు ప్రయత్నిస్తే ఒకసారి వస్తుంది. ఎడమ అరచెయ్యి ఆనించే చోట కాలిపోతోంది. మా వీధి చివరి షాపతను చూసి, "గ్రాఫిక్స్ చిప్ పోతోందమ్మా. ఈ మోడల్‌కి బోర్డు దొరకదు. దీనికో దండం పెట్టి కొత్తది చూసుకో" అన్నాడు.

కొత్తది అన్న మాట ఇంట్లో ఎత్తలేను. నా థీసిస్ అంతా ఇందులోనే ఉంది. మగ్గాల షెడ్లలో చప్పుడుకు చెవులు పోయిన రెండు వందల పన్నెండు మందితో మాట్లాడి రాసుకున్నదంతా.

ముందుగదిలో బీరువా అడ్డం పెట్టి నాన్న నాకో గది చేశాడు కదా. నేను దాని వెనక ఉన్నంతసేపూ టీవీ నోరు నొక్కేస్తారు. వదిన గిన్నెలు కూడా చప్పుడు కాకుండా తోముతుంది. ఎవరైనా వస్తే అమ్మ గుమ్మంలోనే ఆపి, "మెల్లిగా, రాసుకుంటోంది" అంటుంది. వాళ్ళ కోసమైనా ఇది బాగవ్వాలి. ఎలా చెయ్యాలో రాస్తే నేనే విప్పుతాను.

నీ మేనకోడలు


చదువులమ్మకి,

ఉత్తరం అందింది. నా రాత చూసి నవ్వకు. మూడో తరగతిలోనే పలకకి సెలవిచ్చిన చెయ్యి ఇది.

ముందు బ్యాటరీ తియ్యి. ముందు అంటే ముందే. అడుగున ఉన్న స్క్రూలన్నీ ఒకే పొడుగు కాదు, కాబట్టి ఒక అట్ట మీద మిషన్ బొమ్మ గీసుకుని ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చు. లోపల ఫ్యాన్ పక్కన రాగి గొట్టం, దాని చివర దువ్వెన పళ్ళలాంటి రేకులు ఉంటాయి. అక్కడ దుమ్ము దుప్పటి నేసుకుని ఉంటుంది. అది మొత్తం లాగెయ్యి. చిప్ మీద వేడి లాగడానికి పూసిన పేస్ట్ ఎండి సుద్ద అయిపోయి ఉంటుంది. గీకకు, మెత్తటి గుడ్డతో తుడువు. కొత్త పేస్ట్ కందిగింజంత చాలు. ఎక్కువ పూస్తే ఎక్కువ పుణ్యమేం రాదు.

ఇంకో మాట. బొమ్మ పోయింది గానీ బుర్ర పోలేదు, భయపడకు. డిస్క్ ఊడదీసి ఆ షాపులో వేరే మిషన్‌కి తగిలిస్తే నీ రాతంతా అక్కడ కనిపిస్తుంది. అక్కడే కూర్చుని మిగతాది కానిచ్చెయ్యొచ్చు. అతనికి ఎలా చెప్పాలో రాయమంటావా?

నా చెవుల మీద ఒకరు పుస్తకం రాస్తున్నారని అంటే మీ అత్తయ్య, "ఆ చెవులకి అంత సీనుందా" అంటోంది. మగ్గాల మధ్య పదకొండేళ్ళు నిలబడి పోగొట్టుకున్న చెవులు. వాటికి సీనుండాలి మరి.

ఇట్లు,
మావయ్య


ప్రియమైన మావయ్యకు,

నువ్వు రాసినట్టే చేశాను. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం చదివి, ఒక్కో స్క్రూ విప్పాను. దుమ్ము నిజంగానే దుప్పటిలా ఊడివచ్చింది. వదిన చూసి, "ఇంత దుమ్ము మన ఇంట్లో లేదు, ఇది మీ మావయ్య ఇంటిదే" అంది. అన్నీ బిగించి ఆన్ చేస్తే తెర వెలిగింది. నాన్న ఆఫీసులో లిఫ్టు నడిపే డ్యూటీ దిగి, చెప్పులు కూడా విడవకుండా వచ్చి చూశాడు.

పదహారు రోజులు బాగుంది. పదిహేడో రోజు గీతలు మళ్ళీ వచ్చాయి.

ఇప్పుడు ఆపితే మళ్ళీ రాదేమోనని ఆపడం లేదు. దాన్ని వదిలి నేనూ కదలడం లేదు. వదిన పుట్టింటికి రమ్మంది, వెళ్ళలేదు. భోజనం పళ్ళెం బీరువా పక్కకే వస్తోంది. అమ్మ బీరువా సందులోంచి చెయ్యి మాత్రం పెట్టి, నీళ్ళ చెంబు లోపలికి జరిపి వెళ్ళిపోతుంది. మాట్లాడితే నా ఆలోచన చెదురుతుందని ఆమె భయం. ఒక్కోసారి రోజు మొత్తంలో నాతో మాట్లాడేది ఫ్యాన్ ఒక్కటే.

చిప్‌కి వేడి పెడితే బాగవుతుందని షాపతను అంటున్నాడు. అది ఎలా చెయ్యాలో రాస్తావా? గైడ్ మేడమ్ గడువు పెంచారు, కంగారు లేదు.

నీ మేనకోడలు


చదువులమ్మకి,

వేడి సంగతి ఆ షాపతను చెప్పకపోతే నేను చెప్పేవాణ్ణి కాదు. అది వైద్యం కాదు. చిప్ లోపల విడిపోయిన అతుకులు వేడికి కాసేపు అంటుకుంటాయి, చల్లారి వాడుతుంటే మళ్ళీ విడిపోతాయి. అలిగిన కోడలు పెద్దల మాటకి వెనక్కి వచ్చినట్టు, వస్తుంది గానీ ఉండదు.

చెయ్యాలనే ఉంటే అతని వేడిగాలి బ్లోయర్ అడుగు, నీ చేత్తో నువ్వే చెయ్యి. పక్కనున్న భాగాలకి వేడి తగలకుండా వంటింట్లో వాడే అల్యూమినియం రేకు కప్పు, చిప్ ఒక్కటే కనపడాలి. గాలి ఒక్క చోటే నిలపకు, గుండ్రంగా తిప్పుతూ ఉండు. దించాక గంటసేపు కదపకు. ఆత్రం పడితే బోర్డు గోవిందా. వేడి ఎన్ని రోజులు నిలిచిందో నాకు రాయి, ఆ లెక్క చూసే తర్వాత ఏం చెయ్యాలో చెప్తాను.

డిస్క్ తీసి వేరే మిషన్‌కి తగిలించే సంగతి మళ్ళీ రాస్తున్నా. పది నిమిషాల పని. నీ రాత ముందు గట్టున పడితే, ఆ తర్వాత మిషన్ ఏమైనా నీకు బెంగ ఉండదు.

మరీ అలా గదిలోనే ఉండకు. నాకు మగ్గాల షెడ్డు గుర్తొస్తోంది.

ఇట్లు,
మావయ్య


ప్రియమైన మావయ్యకు,

మొదటిసారి వేడి పెట్టాక పదకొండు రోజులు నిలిచింది. రెండోసారి ఆరు. మూడోసారి రెండే.

షాపతను ఇప్పుడు తన బల్ల సగం నాకు వదిలేస్తున్నాడు. "మీ మావయ్య రాసిన కాగితం నాకూ ఓసారి చూపించమ్మా" అన్నాడు. రేకు కత్తిరించడం, చిప్ రంగు చూసి ఎప్పుడు దించాలో తెలుసుకోవడం నాకు బాగానే వచ్చింది. బ్లోయర్ పట్టుకున్న ఆ కాసేపు ఇంకేమీ గుర్తుకు రాదు. ఇంటికి రాగానే అమ్మ ముఖం చూస్తుంది. "వచ్చిందా?" అంటుంది. "వచ్చిందమ్మా" అని బీరువా వెనక్కి వెళ్ళిపోతాను.

ఇంకోసారి పెట్టనా?

నీ మేనకోడలు


చదువులమ్మకి,

పెట్టకు. మిషన్ కొరియర్‌లో నాకు పంపు. విప్పినవి విప్పినట్టే పంపినా పర్లేదు.

మావయ్య


చదువులమ్మకి,

మిషన్ తిరిగి పంపుతున్నా. ఇక దీనికి వేడి పెట్టే పని లేదు.

ఈ మోడల్‌లో బొమ్మ చూపించే చిప్‌లు రెండున్నాయి. విడిగా ఉన్న పెద్దది ఒకటి, చచ్చిపోతున్నది అదే. ప్రాసెసర్ లోపల చిన్నది ఇంకోటి ఉంది. ఆన్ చెయ్యగానే మిషన్ అలవాటు కొద్దీ పెద్దదాన్నే పిలుస్తుంది, అది పలకదు, తెర నల్లగా ఉండిపోతుంది. దాన్ని పిలవొద్దని లోపల సెట్టింగ్ మార్చేశాను. ఇకమీదట చిన్నదే నడుపుతుంది. వీడియోలూ గీడియోలూ నెమ్మదిస్తాయి గానీ రాతకి ఢోకా లేదు. ఈ సంగతి నాకు ముందే తట్టాల్సింది. తొమ్మిది రోజులు ఆపకుండా తిప్పి చూశా. "నాకు జ్వరమొస్తే ఇంత కాపలా కాయలేదు" అంది మీ అత్తయ్య.

ఇక రెండో సంగతి. ముప్పై ఏళ్ళుగా ఈ రిపేరు బల్ల ముందు కూర్చున్నా. తెర పోయిందని వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, స్టూలు మీద కూర్చోకముందే ఒక్కటే అడుగుతారు, "లోపలున్నవి ఉన్నాయా?" అని. చెవులు పనిచెయ్యకపోయినా పెదాలు చూసి పోల్చుకోగలను ఆ ప్రశ్నని. నీకు రెండుసార్లు నేనే రాశాను, డిస్క్ తీస్తే నీ రాత దొరుకుతుందని. నువ్వు దానికి జవాబే ఇవ్వలేదు. మిషన్ పంపినప్పుడు కూడా, లోపల థీసిస్ ఉంది జాగ్రత్త అని ఒక్క చీటీ పెట్టలేదు. స్క్రూలు మాత్రం లెక్కగా పొట్లం కట్టావు.

నీ ఫైళ్ళు నేను తెరవలేదు. తెరవను. కానీ కోడలా, ఇది బాగుపడటం నీకు అవసరం లేదేమో అనిపించింది. బాగుచేసి నీ చేతిలోంచి ఏదో లాక్కుంటున్నానేమో అనిపించింది. పొరపాటైతే చెవిటోణ్ణని నాలుగు తిట్టు. కాకపోతే రాయి. నాకు చెప్పిన మాట ఎక్కడికీ పోదు.

ఇట్లు,
మావయ్య


ప్రియమైన మావయ్యకు,

ఈ ఉత్తరం రాయడానికి మూడు వారాలు పట్టింది. నువ్వు పొరపాటు పడలేదు.

తెర మొదటిసారి పోయింది పధ్నాలుగు నెలల కిందట, ఆరునెలల రిపోర్టు ఇవ్వాల్సిన రోజు పొద్దున. దానంతటది తిరిగి వచ్చాక రిపోర్టు అచ్చు తీసి రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చాను. తర్వాతి నెలలో, గడువు దాటినందుకు నా రిజిస్ట్రేషన్ రద్దు చేశామని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. మా ఇంటికి వచ్చే ప్రతి కాగితమూ నేనే చదివి వినిపిస్తాను. ఆ ఒక్కటీ మడిచి పుస్తకంలో పెట్టేశాను. గడువు పెంచారని నీకు రాసింది అబద్ధం.

ఆ రోజు నుంచీ రోజూ తొమ్మిది కొట్టగానే బీరువా వెనక కూర్చున్నాను. ఒకటే పేజీ తెరిచి పెట్టుకునేదాన్ని. నాకోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని తిరుగుతుంటే, అంత నిశ్శబ్దంలో నిజం చెప్పడానికి నోరు రాలేదు. లిఫ్టు ఎక్కిన ప్రతివాళ్ళతోనూ నాన్న మా అమ్మాయి డాక్టరేట్ చేస్తోందని చెబుతాడు. అన్నిటికన్నా నాకు అదే భయం. అందుకే తెర మళ్ళీ పోయినప్పుడు బాధ కలగలేదు మావయ్యా. ఆలస్యానికి ఒక కారణం దొరికింది. చిప్‌కి వేడి పెట్టిన రోజులే నేను నిజంగా పని చేసిన రోజులు.

నువ్వు పంపింది ఆన్ చెయ్యగానే వెలిగింది. అందరూ నా వెనకే నిలబడ్డారు. "హమ్మయ్య, ఇంకెన్నాళ్ళు పడుతుంది?" అంది వదిన. ఆ పూట ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆదివారం భోజనాల దగ్గర చెప్పేశాను.

"మరి వారం వారం మేడమ్ దగ్గరికని వెళ్ళేదానివి?" అంది అమ్మ.

"బస్టాండులో కూర్చుని వచ్చేదాన్ని."

"నాకు ముందే అనుమానం" అంది వదిన. "గది ఊడ్చేది నేనేగా. ఏడాదిగా నీ చెత్తబుట్టలో ఒక్క కాగితం ముక్క పడలేదు."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని."

నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి ఆ కాగితం తెమ్మన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. "ఇన్ని నెలలూ ఒక్కదానివే కూర్చున్నావా అక్కడ" అన్నాడు. తర్వాత కింది సంతకం మీద వేలు పెట్టి, "ఈయన ఎన్నో అంతస్తులో కూర్చుంటాడు?" అని అడిగాడు.

"అయిపోయింది నాన్నా. అచ్చు కాగితం అది."

"ఇరవై ఏళ్ళుగా లిఫ్టులో చూస్తున్నా. కింద కుదరదని చెప్పిన పని పైకెళ్ళి చేయించుకుని దిగేవాళ్ళుంటారు. నిజంగా కుదరకపోతే ఆ మాట ఆయన నోటితోనే విందాం."

సోమవారం సెలవు పెట్టి నాతో యూనివర్సిటీకి వచ్చాడు. నాలుగో అంతస్తు. సంతకం పెట్టినాయన మంచిగానే మాట్లాడాడు. కాగితాన్ని తిప్పి చూపించాడు. వెనకవైపు సన్నటి అక్షరాల్లో ఉంది, అరవై రోజుల లోపు కారణం చెప్పుకుంటే తిరిగి పరిశీలిస్తామని. చదువుకున్నదాన్ని మావయ్యా. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా దాన్ని వెనక్కి తిప్పలేదు. మా ఇంట్లో ఆఫీసు కాగితానికి ఎదురుచెప్పినవాళ్ళు లేరు. చెప్పొచ్చని కూడా నాకు తెలియదు.

ఆ గడువు దాటిపోయింది. పాత రిజిస్ట్రేషన్ రాదు. మళ్ళీ ప్రవేశ పరీక్ష రాసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. గైడ్ మేడమ్ గదికి కూడా వెళ్ళాం. ఆమె కోపం ఆమె పడ్డారు. చివరికి, "ఆ రెండు వందల పన్నెండు మంది మాటలు పనికొస్తాయి. సీటు వస్తే రా" అన్నారు. పరీక్ష మూడు నెలల్లో ఉంది. రాకపోవచ్చు కూడా. ఇంట్లో అదీ చెప్పాను.

నిన్న నాన్న డ్యూటీ నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. పై అంతస్తు అకౌంటెంటుగారు లిఫ్టులో అడిగారట, అమ్మాయి డాక్టరేట్ ఎంతవరకూ వచ్చిందని.

"ఏమన్నావు?" అని అడిగాను. చేతిలో గరిట ఆగిపోయింది.

"మధ్యలో పోయింది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతోంది అన్నాను."

"ఆయన ఏమన్నారు?"

"ఏమంటాడు? ఆయన అంతస్తు వచ్చింది, దిగిపోయాడు" అని నాన్న పళ్ళెం ముందుకు జరిపాడు. "కూర వెయ్యి."

నీ కోడలు