తొలి గునపం

ఆర్మూర్,
జూలై

ప్రియమైన యాకోబూ,

కూతురు కృప దగ్గరికి స్కాట్లాండ్ చేరి చలికి ముడుచుకున్నావని విన్నాను. ఇక్కడ ముసురు.

మా తాత పసుపు వ్యాపారం చేసి కట్టిన ఇల్లు నీకు తెలిసిందే. కింద బస్తాలు, పైన సంసారం. తాత అయిదడుగుల మనిషి, వీధి తలుపు మాత్రం ఎడ్లబండి పట్టేంత పెట్టించాడు. పొట్టివాళ్లకు ద్వారాల మీద మోజెక్కువ. దాని సంగతి ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు వెనక సున్నపు గోడ తడికి ఉబ్బింది. అది చూపించి తమ్ముడు భూమేష్, ఇల్లంతా కూల్చి దుకాణాలకు మడిగలు కట్టి కిరాయికిద్దాం అంటున్నాడు. మా ఇంట్లో ఆచారం ఒకటుంది: పాత ఇల్లు కూల్చాలంటే మొదటి గునపం ఇంటి పెద్దవాడే వేయాలి. అది పడందే ఎవరూ ముట్టుకోరు. నాకదే ఆసరా.

"జర ఒక్క పోటు పొడువన్నా, మిగిలింది నేను జూసుకుంట" అని రోజూ వేధిస్తున్నాడు.

"నా పానం వోయినంక పొడుసుకో" అన్నాను.

గోడకు దిట్టంగా సిమెంటు పూయించాను. నా భార్య ముత్తవ్వ మాత్రం నమ్మకం లేక సామాను ముందు గదిలోకి జరిపింది.

నీ మాటకోసం చూసే,
రాజేశ్వర్

స్కాట్లాండ్,
ఆగస్టు

ప్రియమైన రాజన్నా,

ఫోన్లో చెబితే వాదిస్తావు, అందుకే రాస్తున్నాను. ఆదివారం చర్చి అయ్యాక కృప ఈ ఊళ్లో పాత వర్తకుడి ఇల్లు చూపించింది. కింద సరుకు, పైన కాపురం, అచ్చం మీ ఇల్లే! మెట్లు నత్తగుల్లలా తిరుగుతాయి, నడుమ ఆగి దేవుణ్ణి తలుచుకున్నాను. పైకప్పు చెక్కల మీద పండ్లు, పిట్టలు. రంగు ఇంకా వెలవలేదు.

ఇల్లు చూపించే ముసలమ్మను నీ గోడ గురించి అడిగాను. ఆమె నెత్తి పట్టుకుంది. సున్నపు గోడకు సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కి కుళ్లిపోతుందట. వీళ్లూ ఆ తప్పే చేసి, అంతా గీకి మళ్లీ సున్నం పెట్టుకున్నారట. ఆలస్యం చేయకు. గీకించెయ్.

నీ మేలు కోరే,
యాకోబు

ఆర్మూర్,
సెప్టెంబరు

ప్రియమైన యాకోబూ,

నీ ఉత్తరం అందగానే కూలీలకోసం తిరిగాను. పొలాల పనుల్లో ఒక్కరూ దొరకలేదు. నేనే గునపం పట్టి సిమెంటు ఊడదీశాను. అప్పుడే భూమేష్ వచ్చాడు. నా చేతిలో గునపాన్ని, కింద పెళ్లలను చూసి, వంగి నా కాళ్లకు మొక్కాడు.

"గిన్నొద్దులకు మనసొచ్చిందా అన్నా!"

"సిమెంటు గీకుతున్నరా, ఇల్లు గాదు!"

"ఏదైతేంది, గునపమైతే వడ్డది గదనే. వదినే, నువ్వు జూడలే?"

ముత్తవ్వ నావైపు చూసింది. తల దించుకుంది.

"వడ్డది" అంది.

ఇన్నాళ్లూ ఆచారాన్ని అడ్డం పెట్టుకున్నవాణ్ణి నేనే. ఇప్పుడది కాదని ఏ నోటితో అనను? భూమేష్ మంచిరోజు చూసి, వారం తర్వాత యంత్రం తెచ్చాడు. ఆ వారమంతా వాన తెరపిచ్చింది. నేను పొద్దునా సాయంత్రం గోడమీద చెయ్యి పెట్టి చూశాను. కూల్చేనాటికి తడి లేదు, యాకోబూ.

ఇప్పుడు అద్దె గదిలో ఉన్నాం. ఆ ముసలమ్మ అడిగితే గోడ ఆరిందని చెప్పు. అబద్ధమేమీ కాదు.

నీ
రాజేశ్వర్