ఇద్దరికి సరిపోయే కుక్కర్

లీడ్స్,
ఆదివారం.

అక్కకు,

చెల్లెలు సుజాత నమస్కారాలు. బావగారికి కూడా నా నమస్కారాలు చెప్పు. నేనిక్కడ బాగానే ఉన్నాను. వదలని జలుబు తప్ప వేరే రోగమేమీ లేదు, కంగారు పడకు. నీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? బావగారు షుగరు మాత్రలు వేసుకుంటున్నారా, నువ్వు చూడనప్పుడు జేబులో వేసుకుంటున్నారా? హారిక దగ్గు తగ్గిందా? భవానీపురంలో అప్పుడే ఎండలు మాడ్చేస్తున్నాయని బావగారు ఫోన్లో అన్నారు. ఇక్కడ ఏప్రిల్ వచ్చినా నేను స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకునే బయటికి వెళ్తున్నాను. కాస్త ఎండ ఇటు పంపించు, పుణ్యముంటుంది.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటా అనుకుంటావు. ఫోన్లో అయితే నేను మొదలుపెట్టగానే నువ్వు ఏడుస్తావు, నీ గొంతు విని నేను ఏడుస్తాను, ఈలోగా ఫోన్ కార్డులో డబ్బులు అయిపోతాయి. అందుకే నిదానంగా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ నిదానంగానే చదువు. హారిక పక్కన లేనప్పుడు చదువు.

ముందు నా సంగతులు చెప్పనీ. ఆస్పత్రిలో మా వార్డులో అందరూ ముసలివాళ్లే. మంచివాళ్లు. నా పేరు నోరు తిరగక ఒక్కొక్కరు ఒక్కో రకంగా పిలుస్తారు, అన్నిటికీ పలుకుతాను. పొద్దున్నే డ్యూటీ ఎక్కితే మళ్లీ ఇల్లు చేరేది రాత్రి భోజనాల వేళకే. ఇన్నాళ్లూ ఏం తిన్నానో నీకు చెప్పలేదు, చెబితే తిడతావని. బ్రెడ్డు, గుడ్డు, పెరుగన్నం. విసుగొస్తే మళ్లీ బ్రెడ్డు. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించాలంటే చేతులు వచ్చేవి కావు.

హారికకి వీసా వచ్చిందని బావగారు చెప్పిన రోజు నుంచి నా ధ్యాసంతా వంట మీద పడింది. మా ఆయన పోయాక దాన్ని నీ చేతుల్లో పెట్టి విమానం ఎక్కేటప్పటికి దానికి మాటలే సరిగ్గా రావు. ఇప్పుడు ఒకటో తరగతికి వచ్చింది. నా బిడ్డ నా దగ్గరికి వస్తోంది, బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో వేడి అన్నం, కూర లేకపోతే నేను తల్లినై ఏం లాభం అనుకున్నాను.

నాతో పనిచేసే మలయాళీ అమ్మాయి లిస్సీ ఉంది చూడు, తనే చెప్పింది స్లో కుక్కర్ కొనుక్కోమని. మన ప్రెషర్ కుక్కర్ లాంటిది కాదక్కా, కూత వెయ్యదు. కరెంటు మీద నడుస్తుంది. లోపల బరువైన పింగాణీ కుండ, పైన గాజు మూత. పొద్దున్నే అన్నీ అందులో పడేసి మీట తిప్పి వెళ్లిపోతే సాయంత్రం దాకా సన్న సెగ మీద తన మానాన తను ఉడికిస్తుంది. మాడదు, పొంగదు. ఇల్లు తగలబెడుతుందేమోనని నేను భయపడితే లిస్సీ పడీపడీ నవ్వింది.

షాపులో ఎన్ని రకాలో. కోలగా కొన్ని, గుండ్రంగా కొన్ని, గడియారం అంకెలు వెలిగేవి కొన్ని. కుండ బయటికి తీసి కడుక్కునేదే తీసుకోమని, లేకపోతే కడగలేక చస్తావని లిస్సీ ముందే హెచ్చరించింది. అంకెలవి నాకెందుకులే, తిప్పే మీట ఉంటే చాలనుకున్నాను. ఎంతమందికి వండాలని షాపతను అడిగాడు. ఇద్దరికి అన్నాను. ఈ దేశం వచ్చాక ఆ మాట అనడం అదే మొదటిసారి అక్కా. ఇంకోసారి అడుగుతాడేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆ మొద్దుదాన్ని దారిలో పెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కందిపప్పులో ముందే చింతపండు వేసి పోతే, వచ్చేసరికి పప్పు బద్ద బద్దగానే ఉంది. పులుపు ఆఖర్న వెయ్యాలి. పోపు ఎటూ విడిగా పెట్టుకోవాల్సిందే. మాంసం మాత్రం వేలితో నొక్కితే విడిపోయేలా ఉడుకుతుంది, హారిక పాలపళ్లకి సరిపోతుందని సంబరపడ్డాను. మధ్యలో మూత తియ్యకూడదట, తీస్తే వేడంతా పోయి పని మళ్లీ వెనక్కి పడుతుందట. సెలవు రోజున నా చెయ్యి ఊరుకోదు కదా, తీసి చూస్తూనే ఉంటాను.

ఉలవచారు సంగతి వింటే నవ్వుతావు. అది ఉంటే హారికకి ఇంకేమీ అక్కర్లేదని నువ్వే చెప్పావు. గుజరాతీవాళ్ల కొట్లో ఉలవలు దొరికాయి. చల్లపల్లిలో అమ్మ ఊక పొయ్యి మీద పొద్దున ఎక్కిస్తే సాయంత్రానికి చిక్కబడేది కదా, అదీ సన్న సెగే, ఇదీ సన్న సెగే అనుకున్నాను. అమ్మ పోసినట్టే కుండ నిండా నీళ్లు పోసి, మూత పెట్టి డ్యూటీకి పోయాను. వచ్చి చూస్తే పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి. అమ్మ గిన్నె మీద మూత ఉండేది కాదు, నీరంతా ఆవిరైపోయేది. ఇందులో ఆవిరి మూతకి పట్టి మళ్లీ లోపలికే కారుతుంది. ఉలవలు కడిగిన నీళ్లలా ఉన్న ఆ చారు చూసి నన్ను నేనే తిట్టుకున్నాను. తరవాత వారం నీళ్లు సగానికి తగ్గించి ఉడికించి, ఆ నీళ్లు వడగట్టి, చింతపండు పులుసు కలిపి, సెలవు రోజున మూత పక్కన పెట్టేసి ఎక్కువ వేడి మీద వదిలేశాను. నల్లగా, చిక్కగా వచ్చింది. మీగడ వేసుకుని తింటుంటే అమ్మ గుర్తొచ్చింది. ఇక హారిక రావడమే ఆలస్యమనుకున్నాను.

పోయిన ఆదివారం ఫోన్లో హారికతో అదే చెప్పాను. నువ్వు పక్కనే ఉన్నావు కానీ నీకు నా మాటలు వినపడి ఉండవు.

"నువ్వు ఆస్పత్రికి పోతే ఇంట్లో ఎవరుంటారు?" అంది.

"పైఇంటి ఆంటీ నిన్ను బడి నుంచి తీసుకొచ్చి నీతోనే కూర్చుంటారమ్మా. నేను కుక్కర్లో ఉలవచారు పెట్టి వెళ్తాగా, నువ్వొచ్చేసరికి వేడి వేడిగా ఉంటుంది."

"అన్నం ఎవరు కలుపుతారు?"

వెంటనే, "పెద్దమ్మ కూడా వస్తుందా?" అంది. అప్పుడే నువ్వు ఫోన్ తీసుకుని, "చిన్నపిల్ల, ఏదో వాగుతుందిలేవే, వచ్చాక అదే అలవాటు పడుతుంది" అన్నావు. నీ గొంతు అప్పటికే మారిపోయింది. నాకు తెలియదనుకున్నావా?

పైఇంటావిడ మంచిదే. ఆ వయసు పిల్లని ఇక్కడ ఒంటరిగా వదలకూడదని లిస్సీ చెబితే నేనే వెళ్లి అడిగాను, సరేనంది. వడ్డించమంటే వడ్డిస్తుంది. ఉలవచారన్నంలో మీగడ వేసి, ముద్దలు చేసి, కథ చెబుతూ నోట్లో పెట్టమంటే ఆవిడకేం తెలుస్తుంది? హారికకి ఆవిడ మాట ఒక్కటీ అర్థం కాదు. 

మొన్న నాకు సగం పూటే డ్యూటీ. బళ్లు వదిలే వేళకి ఇల్లు చేరాను. నా బదులు హారిక వస్తే దానికి ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. తాళం తీయగానే ఇల్లంతా కూర వాసన. ఎవరో లోపల వండుతున్నారేమో, పలకరిస్తారేమో అనిపించింది. వంటింట్లో ఆ కుక్కర్ తప్ప ఎవరూ లేరు. టీవీ పెట్టలేదు. కంచంలో వడ్డించుకుని కుర్చీలో కూర్చున్నాను. రోజూ నేను ఇంటికొచ్చే వేళ దాకా అలాగే కూర్చుందామనుకున్నాను. కూర్చోలేకపోయానక్కా. ఇంత వయసొచ్చినదాన్ని, కోటు తగిలించుకుని వీధిలోకి పోయాను.

నన్ను వచ్చెయ్యమంటావు. వచ్చి మునుపు పనిచేసిన ఆ నర్సింగ్‌హోమ్ జీతంతో ఇద్దరం నీ మీద పడటం తప్ప ఏం చేస్తాను? నేను ఇక్కడ ఉంటేనే దాని చదువు సాగుతుంది. కాబట్టి బావగారిని టికెట్ కొనవద్దని చెప్పు. హారిక నీ దగ్గరే ఉంటుంది. సెలవులకని కాదు, ఇంకో ఏడాదికని కాదు.

నీకు పిల్లల్లేరని ఎవరెవరో ఏవేవో అన్నప్పుడు కూడా నువ్వు నోరు తెరిచి, దీన్ని నాకిచ్చెయ్యవే అని ఒక్కసారి అడగలేదు. అడిగి ఉంటే పోట్లాడేదాన్ని. అడగలేదు కాబట్టే ఇవ్వగలుగుతున్నాను. గుండె కోసేసినట్టుంది, నీతో అబద్ధమెందుకు. కానీ నాది త్యాగమని ఎవరితోనూ అనకు, వింటే నాకు ఒళ్లు మండుతుంది. నా గురించి బెంగ పెట్టుకోకు. వేళకి తింటున్నాను. ఒకసారి వండితే రెండు పూటలు వస్తోంది, అదీ మంచిదే.

ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే కొత్త ఆవకాయ పంపించు. హారిక ఫొటో ఒకటి పంపించు, నూనె రాసి దువ్విన జడలతో కాదు, మామూలుగా ఆడుకుంటున్నప్పటిది. మీ మేడమీద మామ్మగారికి నా నమస్కారాలు. నువ్వు పెద్దదానివి, దూరంగా ఉన్నానని మరిచిపోకుండా నన్ను దీవిస్తూ ఉండు.

జూన్‌లో బడిలో చేర్చేటప్పుడు తల్లి పేరు అడుగుతారు. తడుముకోకుండా నీ పేరే చెప్పు. హారికకి ముద్దులు.

నీ చెల్లెలు,
హారిక పిన్ని,
సుజాత