జరీ తిన్న బూజు

నాన్నా,

నువ్వు వెళ్లిపోయి నేటికి ఏడాది.

ఒక ముసురు రోజు, నువ్వు నేసిన చీరను గంజి తడి ఆరకముందే మడతపెట్టేశాను. నాలుగు రోజులకు జరీ అంచంతా ఆకుపచ్చ మరకలు పడ్డాయి. “బూజు జరీని తినేసిందమ్మా,” అన్నావు. “నూలును తింటుంది గానీ, లోహాన్నెక్కడ తింటుంది నాన్నా,” అని నవ్వాను. నువ్వు చీర మడిచి నా చేతికే ఇచ్చేశావు.

ఇప్పుడు విజయవాడలో మా కాలేజీ ల్యాబులో, రాతిలోని లోహాన్ని బూజు బయటికి లాగగలదేమో చూద్దామని, ఉల్కలాంటి రాతిపొడి మీద దాన్ని పెంచుతున్నాను. ఈ పొద్దున సీసాలో నీళ్లు పరీక్షిస్తే, రాతిలోని లోహం వాటిలోకి దిగి ఉంది. ఆ తెల్లటి నూగు, నువ్వు మగ్గం మీద పరిచిన పడుగు దారాల్లా మెల్లగా ఊగుతోంది.

నువ్వన్నదే నిజం. ఇవాళ ఆ చీరే కట్టుకున్నాను నాన్నా, మరకలంచు అందరికీ కనపడేలా పైట వేసుకుని.