మూత లోపలి నంబరు

మార్చి 14, గురువారం, ఉదయం

చిరంజీవి పిచ్చుకకు అమ్మమ్మ దీవెనలు.

ఇక్కడ నేను, మీ మామయ్య, అత్తయ్య కులాసా. ఆదివారం రాయవలసిన ఉత్తరం ఈ రోజే రాసి, మీ మామయ్య చేత ఫోటో తీయించి ఫోనులో పంపుతున్నాను. నిన్న మెకానిక్ చెప్పిన సంగతిని నాలుగు రోజులు దాచుకుంటే, దాన్ని నాకు అనుకూలంగా దిద్దుకుంటానని భయం.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. మోకాలు నయం. మెట్లు ఎక్కగలను, దిగడమే కష్టం. నీ కారును వారానికి రెండుసార్లు బయటికి తీస్తున్నాం. డ్రైవరు ఎందుకు మానేశాడని మళ్లీ అడిగావు. ఒంట్లో బాగోక అని పోయినసారి రాశాను. అది అబద్ధం.

నువ్వు కారు అప్పగించి వెళ్లిన రోజే దానికొక నోటు పుస్తకం పెట్టాను. మొదటి పేజీలో, మీ తాతయ్య పాత కారు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించాను: "పెట్రోలు 91. అంతకు మించితే డాబు." పద్దెనిమిదేళ్లు నడిచిన నియమం. ఇంజను వేరన్న సంగతి నాకు తట్టలేదు.

బంకులో మొదటిసారే డ్రైవరు చెప్పాడు. "అమ్మగారూ, పెట్రోలు ట్యాంకు మూత లోపల ఆక్టేన్ నంబరు 95కి తగ్గకూడదని రాసుందండి. అమ్మాయిగారు కూడా అదే చెప్పి వెళ్లారు."

"పుస్తకంలో ఏముందో చూశావా?" అన్నాను.

"ఆ పుస్తకం రాసింది మీరే కదండీ."

91 పెట్రోలే పోయించాను. ఎదురు చెప్పాడని ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

నెల తిరిగేసరికి, ఎత్తు ఎక్కినప్పుడల్లా ఇంజనులో డబ్బాలో గోలీలు ఆడించినట్టు చప్పుడు. యాక్సిలరేటరు మీద కాలు బరువుగా వేసి నడుపుతున్నావని వీధిలో నలుగురి ముందు అతన్ని కడిగేశాను. తాళాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నిన్న మెకానిక్ పని చేసే అమ్మాయి మూత తెరిచి ఆ అంకె నా చేతే చదివించింది. "పెద్ద నంబరంటే బలం ఎక్కువని కాదండి. ఇంజను లోపల ఎంత అదిమినా ఆ పెట్రోలు తొందరపడి అంటుకోదని. ఈ ఇంజను మీ పాతదానికంటే గట్టిగా అదుముతుంది. మీరు పోయించింది ముందే అంటుకుని కొట్టుకుంటోంది. పాపం, డ్రైవరు కాలేం చేస్తుంది?"

ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయమని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పినదాన్ని.

ఇంతవరకూ రాయడం తేలిక. అతను ఆసుపత్రిలో బండి నడిపే పనికి వెళితే, అక్కడి మేనేజరు ఫోన్ చేసి నన్ను అడిగాడు. "ఇంజన్లు పాడుచేసే మనిషి" అన్నాను. కోపంలో కాదు, నెమ్మదిగా, ఆలోచించే అన్నాను. అతనికి ఆ పని రాలేదు. తొమ్మిదేళ్లు నన్ను క్షేమంగా ఇంటికి చేర్చిన మనిషి. ఆ పని ఇంకా ఖాళీగానే ఉంది. సోమవారం వేరొకరిని తీసుకుంటారట.

ఇక జరగవలసినవి:

1. నీ కారులో ఇకమీదట 95 మాత్రమే. ఇంజనుకు దెబ్బ తగలలేదట.

2. రేపు పది గంటలకు ఆసుపత్రికి వెళ్లి, మేనేజరు ఎదుట నా మాట వెనక్కి తీసుకుంటాను. ఫోనులో కాదు.

3. అక్కణ్ణుంచి డ్రైవరు ఇంటికి. తిరిగి రమ్మని అడగను. తప్పు నాదని అతని భార్యాపిల్లలు వినేలా చెబుతాను.

4. నువ్వు ముందుగా అతనికి ఫోన్ చేసి నా తరఫున సర్దిచెప్పకు. తలుపు వేసుకోవాలనిపిస్తే నా మొహం మీదే వేసుకోనీ.

ఇట్లు,
నీ అమ్మమ్మ