మూడో అంతస్తు తాళం

మే 5, సోమవారం

యూరిన్‌లో మళ్ళీ మంట. ఈ ఏడాది ఇది మూడోసారి. ద్వారకలో మా డాక్టరమ్మ రిపోర్టు చూసి, ఆఫీసులో నీళ్ళెన్ని తాగుతావని అడిగింది. చుక్క కూడా తాగనన్నాను. ఎందుకంటే మాత్రం చెప్పలేకపోయాను.

మా అంతస్తులో లేడీస్ టాయిలెట్‌కి తాళం. బయటివాళ్ళు పాడుచేస్తున్నారని ఎప్పుడో వేశారు. తాళంచెవి సెక్షన్ ఆఫీసర్ రాజగోపాల్ గారి డ్రాయర్‌లో. పదకొండు మంది మగవాళ్ళ ముందు అడగాలి. దేశ రాజధానిలో ఉన్నా ఆయన మన తెలుగాయనే. అయినా అందరికీ వినపడేలా హిందీలో, ఫిర్ సే? మళ్ళీనా? అంటారు. అందుకని పొద్దున ఇంట్లో వెళ్తే మళ్ళీ సాయంత్రం మెట్రో దిగి ఇంటికొచ్చాకే. పోటీ పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం ఇది!

ఇలాగే బిగబట్టుకుంటే కిడ్నీల దాకా పాకుతుందని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది.

మే 8

కొత్త అండర్ సెక్రటరీ వచ్చారు. అరుంధతి మేడమ్, కర్నూలు మనిషి. జాయినైన గంటకే రాజగోపాల్ గారి టేబుల్ దగ్గరికెళ్ళి, యూరిన్‌కి వెళ్ళాలి, చెవి ఇవ్వండి అన్నారు. ఫైలు అడిగినట్టు అడిగారు! ఆయన డ్రాయర్ తీసి చెవి ఇచ్చేశారు. నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. తల వంచుకుని టైప్ చేసుకున్నాను.

మే 14, మధ్యాహ్నం 3.20

జాయింట్ సెక్రటరీ మీటింగ్ మధ్యలో మేడమ్ లేచి, టాయిలెట్‌కి అని చెప్పి మరీ వెళ్ళొచ్చారు. మిన్ను విరిగి మీద పడలేదు. అబ్బ, ఏం మనిషి!

మే 15

ఇవాళ కూడా నీళ్ళు తాగలేదు.

మే 21

లంచ్‌లో మేడమ్ నా బాటిల్ చూశారు. తెచ్చింది తెచ్చినట్టే ఉందేం పాపా, అన్నారు. అంతా చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

ఆమె కూడా ఇరవై రెండేళ్ళు బిగబట్టుకునే ఉద్యోగం చేశారట. సర్వే పనిమీద జీపులో మగవాళ్ళ మధ్య కూర్చుని, బండి ఆపమని అడగలేక. చివరికి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారట. నాకేం ధైర్యం ఎక్కువై కాదు పాపా, ఎడమ కిడ్నీ సగమే పనిచేస్తాంది, అన్నారు. తాళం తీయించమని నోట్ పెట్టినాను, అది కదిలేలోగా నేను రిటైరైపోతా, నువ్వు మాత్రం అడుగు, అన్నారు.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఆమెకి చేతులెత్తి దండం పెట్టాలనుంది.

మే 26

మేడమ్ వారం రోజులు టూర్. నోట్ మీద ఎవరో ప్లీజ్ డిస్కస్ అని రాసి వెనక్కి పంపారట. ఒక టాయిలెట్ తాళం గురించి!

బయట నలభై నాలుగు డిగ్రీలు. పదకొండింటికల్లా సగం బాటిల్ తాగేశాను. వెళ్ళి నిలబడ్డాను. యూరిన్‌కి వెళ్ళాలి సార్, చెవి, అన్నాను. మధ్యాహ్నం మళ్ళీ అడిగితే, ఫిర్ సే? అన్నారు. అవును సార్, నాలుగున్నరకి ఇంకోసారి వస్తాను, అన్నాను. ఎవరూ తలెత్తి చూడలేదు. ఇన్నాళ్ళూ కూడా చూడలేదేమో.

మే 27, సాయంత్రం, మెట్రోలో

చెవి రాజగోపాల్ గారికి తిరిగి ఇచ్చేశాను. డ్రాయర్‌లో భద్రంగా ఉంది.

తాళంకప్ప నా బ్యాగులో ఉంది.